జీతం రేపు

మన ఊళ్లలో కిరాణా కొట్టు ముందు ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. దాని మీద “అప్పు రేపు” అని రాసి ఉంటుంది. మర్నాడు వెళ్లినా అదే అట్ట, అదే మాట. ఎంత గడుసువాడైనా ఆ రేపుని ఇంతవరకు పట్టుకోలేకపోయాడు. ఈ రెండు మాటల ఆర్థికశాస్త్రం లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టుకి ఎవరు చెప్పారో గానీ, వాళ్లు దాన్ని కాస్త మార్చి “జీతం రేపు” అని గుమ్మానికి తగిలించారు. ఆ అట్ట చూసి ఆటగాళ్లు పారిపోవాలి కదా. వరసలో నిలబడుతున్నారు.

2023 డిసెంబర్‌లో ఆ వరసలోకి షోహెయ్ ఓటానీ వచ్చాడు. పదేళ్లకు 70 కోట్ల డాలర్లు. అందులో ఏటా చేతికి అందేది 20 లక్షల డాలర్లు మాత్రమే. మిగిలిన 68 కోట్లు 2034 నుంచి 2043 దాకా ఇస్తారు, వడ్డీ లేకుండా. ఈ ఏర్పాటు అడిగింది కూడా ఓటానీయేనట. అదే నెలలో హైదరాబాద్ జట్టు కమిన్స్‌ని 20.5 కోట్ల రూపాయలకు కొన్నదని మనవాళ్లు టీ కొట్ల దగ్గర గుండెలు బాదుకున్నారు. ఓటానీ లెక్కని అప్పటి రూపాయల్లోకి మారిస్తే 5,800 కోట్ల పైమాట. టీ చల్లారిపోతుంది, వదిలేద్దాం.

ఇందులో అసలు ముచ్చట వేరే ఉంది. ఓటానీ బ్యాటూ పడతాడు, బంతీ వేస్తాడు. బంతి వేసే మోచేతికి, ఈ సంతకానికి మూడు నెలల ముందే ఆపరేషన్ అయింది. 2024లో అతను పిచర్‌గా ఒక్క బంతి కూడా వేయడని కొనేవాళ్లకీ తెలుసు, అమ్ముడుపోయేవాడికీ తెలుసు. అయినా కొన్నారు. కొన్నవాళ్లు కంగారు పడలేదు. పడింది కాలిఫోర్నియా రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే కంట్రోలర్ గారు. 2034 నాటికి ఓటానీ వేరే చోట కాపురం పెడితే, ఆ 68 కోట్ల మీద రాష్ట్రానికి పన్ను రాకపోవచ్చు. “చట్టం మార్చండి” అని ఆమె 2024 జనవరిలోనే కాంగ్రెస్‌కి (మన కాంగ్రెస్ కాదు) మొరపెట్టుకున్నారు. చూశారా, బేస్‌బాల్ పిచర్ మోచెయ్యి నొప్పి ఎంత దూరం పాకుతుందో.

ఇదంతా చూసి జనం డాడ్జర్స్‌కి డబ్బు మదం ఎక్కిందంటారు. ఇది చాలా అన్యాయమైన మాట. ఆ జట్టు తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లు తెలుగులో ఎవరూ లేరు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను. అది డబ్బున్న ఇల్లని అందరికీ కనిపిస్తుంది గానీ, జబ్బున్న ఇల్లని ఎవరికీ పట్టదు.

జబ్బు కొత్తది కూడా కాదు. 1974లో ఆ జట్టు పిచర్ టామీ జాన్‌కి ఎడమ మోచేతిలో లిగమెంట్ తెగింది. అంతవరకు అలా తెగినవాడు ఇంటికిపోయి వేరే బతుకుతెరువు చూసుకోవలసిందే. జట్టు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆయన కుడిచేతిలోంచి ఒక టెండన్ తీసి ఎడమ మోచేతిలో అతికించారు. ఫలిస్తుందనే ఆశ నూటికి ఒక పాలు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి, 1989 దాకా ఆడి, ఆ అతుకుల చేత్తో 164 మ్యాచ్‌లు గెలిచారు. ఆపరేషన్‌కి డాక్టర్ పేరు కాకుండా రోగి పేరు పెట్టడం నాకు భలే నచ్చింది. ఇవాళ పిచర్ల జాతకంలో అదొక సంస్కారం అయిపోయింది. అన్నప్రాశన, అక్షరాభ్యాసం, టామీ జాన్, పెళ్లి. కొందరికి రెండోసారి కూడా యోగం ఉంటుంది. ఓటానీకి మొదటి మోచేతి ఆపరేషన్ 2018లో, రెండోది 2023లో.

మరి ఆ ఆపరేషన్ పుట్టినిల్లే డాడ్జర్స్ అయినప్పుడు, వాళ్లు పిచర్లని చూసే చూపు వేరుగా ఉండదూ? మా అమ్మమ్మ వేసవిలో పన్నెండు జాడీల ఆవకాయ పెట్టేది. ఇంట్లో ఖర్చయ్యేది పదే. మిగతా రెండూ బూజుకి. బూజు పట్టనివ్వకుండా ఎలా చూడాలో ఆమెకి తెలియక కాదు. ఎంత చూసినా రెండు పోతాయని తెలుసు, ఏ రెండో తెలియదు. డాడ్జర్స్ బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు ఆండ్రూ ఫ్రీడ్‌మన్‌ది కూడా అచ్చం ఇదే పద్ధతి. కాకపోతే జాడీ ఒక్కోటి పదిహేను, ఇరవై కోట్ల డాలర్లు.

ఆ చలికాలమే టంపా జట్టు నుంచి టైలర్ గ్లాస్నోని తెచ్చుకుని ఐదేళ్లకు 13.65 కోట్ల డాలర్లు రాసిచ్చారు. అప్పటిదాకా ఏ సీజన్లోనూ 120 ఇన్నింగ్స్ దాటని మనిషి (బేస్‌బాల్‌లో ముగ్గురిని ఔట్ చేస్తే ఒక ఇన్నింగ్స్, మ్యాచ్‌కి అలాంటివి తొమ్మిది). డాడ్జర్స్‌కి వచ్చి 134 వేశాడు. జీవితంలో అదే ఎక్కువ. ఆ శ్రమకి మోచెయ్యి అలిగింది. అక్టోబర్‌లో పెద్ద మ్యాచ్‌లు మొదలయ్యేసరికి అతను డగౌట్‌లో కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. ఇక యోషినోబు యమమోటో అమెరికాలో ఒక్క బంతి వేయకముందే పన్నెండేళ్లకు 32.5 కోట్లు పుచ్చుకున్నాడు. 2024 మార్చిలో సియోల్‌లో మొదటి మ్యాచ్. వేసింది ఒక్క ఇన్నింగ్స్, ఇచ్చింది ఐదు పరుగులు. మా బావమరిది ఉండేది ఇర్వైన్‌లో, డాడ్జర్స్ అంటే ప్రాణం. ఆ రోజు ఫోన్ చేసి, “పన్నెండేళ్లు బావా, పన్నెండేళ్లు” అని రెండుసార్లు అని పెట్టేశాడు. హోమ్‌లోన్ కాగితాల మీద సంతకం పెట్టి వచ్చిన రోజు కూడా వాడి గొంతు ఇలాగే ఉంది.

ఆ ఏడాది అక్టోబర్‌కి జాడీలన్నీ బూజుపట్టి ముగ్గురు స్టార్టర్లు, అంటే మ్యాచ్ మొదటి బంతి నుంచి వేసే పిచర్లు, మిగిలారు. ఆ ముగ్గురిలో ఒకడిని సీజన్ మధ్యలో డెట్రాయిట్ నుంచి అడిగి తెచ్చుకున్నారు. శాన్‌డియాగోతో ఓడితే ఇంటికి పోవలసిన మ్యాచ్‌లో వేయడానికి స్టార్టరే లేడు. ఎనిమిదిమంది చిల్లర పిచర్లు తలా ఒక చెయ్యి వేసి, ఒక్క పరుగూ ఇవ్వకుండా 8-0తో గెలిపించారు. ఊళ్లో పెళ్లికి వంటవాడు రాకపోతే ఇరుగుపొరుగు అమ్మలక్కలు గరిటెలు పట్టుకున్నట్టు.

ఇక్కడ తలుపు సంగతి చెప్పాలి. మ్యాచ్ చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి, ఉన్న ఆధిక్యాన్ని కాపాడి, తలుపులు మూసి గడియ పెట్టే పిచర్‌ని క్లోజర్ అంటారు. మన డెత్ ఓవర్ల బౌలర్‌కి దగ్గరి చుట్టం. రోజుకి ఒక్క ఇన్నింగ్సే వేస్తాడు గానీ టెన్షన్ మొత్తం అతనిదే. 2024 అక్టోబర్ 30న న్యూయార్క్‌లో వరల్డ్ సిరీస్ (కప్పు తేల్చే చివరి సిరీస్) ఐదో మ్యాచ్. 0-5 నుంచి లేచి డాడ్జర్స్ 7-6 చేసుకున్నారు. తలుపు వేయడానికి గడియలన్నీ అప్పటికే అరిగిపోయాయి. రెండు రోజుల కిందట మూడో మ్యాచ్‌లో స్టార్టర్‌గా వేసిన వాకర్ బ్యూలర్‌ని పిలిచారు. అంటే తాళం దొరక్క తలుపుకి రుబ్బురోలు అడ్డం పెట్టారన్నమాట. తలుపు కదల్లేదు. కప్పు వచ్చింది.

తర్వాత ఆ రుబ్బురోలుని ఏం చేశారు? ఏడాదికి 2.1 కోట్లిస్తామని బోస్టన్ అడిగితే పట్టుకుపొమ్మన్నారు. రోలుతో తలుపు వేసుకోవడం పెద్దింటి లక్షణం కాదు కదా. మంచి తాళం కొనాలి. 2025 జనవరిలో టానర్ స్కాట్‌ని నాలుగేళ్లకు 7.2 కోట్ల డాలర్లకు కొన్నారు. అది చాలదన్నట్టు, మారుతాళం ఉంటే మంచిదని కర్బీ యేట్స్‌ని 1.3 కోట్లకు తెచ్చారు. స్టార్టర్ల వరసలో బ్లేక్ స్నెల్‌కి 18.2 కోట్లు రాశారు, అందులో 6.6 కోట్లు షరా మామూలుగా “రేపు”. జపాన్ కుర్రాడు రోకీ ససాకీ మాత్రం 65 లక్షలకే వచ్చాడు. పాతికేళ్లు నిండకుండా విదేశం నుంచి వచ్చేవాళ్లకి నిబంధన ప్రకారం అంతకుమించి ఇవ్వకూడదు. మా బావమరిది ఫోన్ చేశాడు. “క్లోజర్‌ని కొన్నాం. ఇక టెన్షన్ లేదు బావా.”

కొన్న తాళం ఆ సీజన్లో పదిసార్లు ఊడిపోయింది. దాన్ని బేస్‌బాల్ భాషలో ‘బ్లోన్ సేవ్’ అంటారు, తెలుగులో ఏమంటారో మా బావమరిది అన్నాడు గానీ పత్రికలో వేయరు. స్నెల్ భుజం పట్టేసి పదకొండు మ్యాచ్‌లే ఆడాడు. ససాకీ భుజం మే నెలలోనే మొరాయించింది. అటక మీద సామాను పెరిగింది. బేస్‌బాల్‌లో ఆ అటకని 60 రోజుల గాయాల జాబితా అంటారు. అక్కడ ఒకణ్ని ఎక్కిస్తే జట్టు పెట్టుకోగల 40 మంది పట్టికలో ఒక చోటు ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన చోట ఇంకో పిచర్ని కొనవచ్చు. ఆడే 26 మందిలో పిచర్లు 13కి మించకూడదని ఇంకో నియమం ఉంది. ఓటానీ రెండు పనులూ చేస్తాడు కాబట్టి ఆ లెక్కలోకి రాడు. ఇలాంటి సందులు వెతకడానికి వాళ్లు గ్రాడ్యుయేట్లని పెట్టుకున్నారు. మన దగ్గర ఈ పనికి ఒక్క రిటైర్డ్ తహసీల్దారు చాలు.

అక్టోబర్ వచ్చింది. 7.2 కోట్ల తాళం ఒక్క బంతీ వేయలేదు. అటక దిగి వచ్చిన ససాకీని, స్టార్టర్‌గా కొన్నవాణ్ని, క్లోజర్ చేశారు. 65 లక్షల చెక్క గడియ బాగానే పనిచేసింది. టొరంటోతో వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ నడిచింది. ఇన్ని కోట్లు పెట్టి కొన్నవాళ్లందరూ అయిపోయాక, చివర్లో విల్ క్లైన్ అనే కుర్రాడు వచ్చి నాలుగు ఇన్నింగ్స్ ఒక్క పరుగూ ఇవ్వకుండా లాగాడు. జూన్‌లో సియాటిల్ వద్దనుకుంటే తెచ్చుకున్న పిచర్ అతను. అతనూ అలసిపోతే ఎవరు? రెండు రోజుల కిందట తొమ్మిది ఇన్నింగ్సూ తానే వేసిన యమమోటో, పక్కన చెయ్యి వేడి చేసుకుంటూ నిలబడ్డాడు. సియోల్‌లో ఐదు పరుగులిచ్చిన ఆ యమమోటోయే.

నవంబర్ 1న ఏడో మ్యాచ్. డాడ్జర్స్ తరఫున బంతి వేసిన ఆరుగురి పేర్లు చదవండి: ఓటానీ, రోబ్లెస్కీ, గ్లాస్నో, షీహన్, స్నెల్, యమమోటో. అందరూ స్టార్టర్లుగా పెరిగినవాళ్లే. తాళాల దుకాణం నుంచి వచ్చినవాడు ఒక్కడూ లేడు. యమమోటో ముందురోజే 96 బంతులు వేశాడు. మర్నాడు మళ్లీ వచ్చి దాదాపు మూడు ఇన్నింగ్స్ వేసి, పదకొండో ఇన్నింగ్స్‌లో 5-4తో తలుపు మూశాడు. సిరీస్ ఉత్తమ ఆటగాడు కూడా అతనే. ఈసారి రుబ్బురోలు 32.5 కోట్లది.

మిగతా జట్ల యజమానులు ఇదంతా చూసి కన్నీళ్లు పెట్టుకుంటున్నారు. జీతాలకు గరిష్ఠ పరిమితి ఉండాలంటున్నారు. 2026 డిసెంబర్ 1న ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం ముగుస్తుంది, అప్పుడు చూసుకుందాం అంటున్నారు. వాళ్ల బాధ అర్థం చేసుకోదగ్గదే. పిట్స్‌బర్గ్‌నే చూడండి. 2025లో పాల్ స్కీన్స్ అనే పిచర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున రెండు పరుగులు కూడా ఇవ్వలేదు. లీగ్‌లో ఉత్తమ పిచర్‌గా సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. అతని ఖాతాలో గెలుపులు పది, ఓటములు పది. ఎందుకంటే అతను పరుగులు ఇవ్వడు, అతని జట్టువాళ్లు పరుగులు చేయరు. ఆ ఏడాది అతని జీతం 8 లక్షల 75 వేల డాలర్లు. ఇంత పొదుపుగా సంసారం చేసే ఇంటి పక్కన డాడ్జర్స్ లాంటి దుబారా కొంప ఉంటే ఎవరికి కడుపు మండదు? పైగా జీతాల మీద లీగ్ ఇప్పటికే గీసిన జరిమానా గీత దాటి డాడ్జర్స్ ఖర్చు పెట్టినందుకు 2025కి కట్టిన జరిమానాయే దాదాపు 17 కోట్ల డాలర్లు. ఆ జరిమానాతో పిట్స్‌బర్గ్ మొత్తం జట్టుకి జీతాలిచ్చి ఇంకా మిగుల్చుకోవచ్చు.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. “జీతం రేపు” అట్ట కిరాణా కొట్టు అట్టంత గడుసుది కాదు. వాయిదా వేసిన సొమ్ముకి ఇప్పటి విలువ కట్టి, రెండేళ్లలోపు పక్కన పెట్టాలని ఒప్పందంలోనే ఉంది. జరిమానా లెక్కలో ఓటానీకి ఏటా 20 లక్షలు కాదు, 4.6 కోట్లు రాసుకుంటారు. అయినా ఇలా రేపటికి నెట్టిన బాకీ అందరిదీ కలిపి వంద కోట్ల డాలర్లు దాటిందంటే, ఆ రేపు ఎవరింటి ముందు తెల్లవారుతుందో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.

ఆ కప్పు తర్వాతి చలికాలం కూడా కొట్టు కళకళలాడింది. 2026 జనవరిలో కైల్ టక్కర్‌ని నాలుగేళ్లకు 24 కోట్లకు తెచ్చారు. అతను పిచర్ కాదు, కాబట్టి మోచెయ్యి గురించి మనం బెంగ పడనక్కర్లేదు. అంతకుముందు డిసెంబర్‌లో కొన్నది మళ్లీ తాళమే. ఎడ్విన్ డియాజ్, మూడేళ్లకు 6.9 కోట్లు. న్యూయార్క్ మెట్స్‌లో ఉండగా ఈయన మైదానంలోకి వస్తుంటే బాకాలు మోగేవి. 2023 మార్చిలో ప్యూర్టో రికో తరఫున మ్యాచ్ గెలిపించి, ఆ సంబరంలో గెంతుతూ మోకాలి టెండన్ తెంపుకుని ఆ సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నారు. గెలిచాక కూడా గాయపడగల మనిషిని వెతికి పట్టుకోవాలంటే డాడ్జర్స్‌కే చెల్లు.

మా బావమరిది ఫోన్ చేశాడు. “డియాజ్‌ని కొన్నాం. ఇక టెన్షన్ లేదు బావా.”

“రుబ్బురోలు ఎక్కడ పెట్టార్రా?”

“తలుపు పక్కనే ఉంది. ఇంకా పదేళ్లు మనదే కదా.”