సవరణ: చేపల వేట నిషేధం ఏ పడవలకు వర్తిస్తుంది?

తూర్పు తీరంలో వేట నిషేధంపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో "ఏటా 61 రోజులు సముద్రంలోకి ఒక్క పడవ కూడా వెళ్లదు" అన్న వాక్యం ఉంది. దాని స్థానంలో ఈ వివరణను చదువుకోవలసిందిగా మనవి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే ఈ నిషేధం మరపడవలకు, ఇంజన్ బిగించిన పడవలకు వర్తిస్తుంది. తెడ్డుతోనో తెరచాపతోనో నడిచే సంప్రదాయ తెప్పలకు, నాటు పడవలకు మినహాయింపు ఉంది. అందుకే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలు ఒకదానికొకటి ఆనుకుని లంగరు వేసి ఉన్న ఆ రోజుల్లోనూ, తీరపు పల్లెల్లో తెప్పల మీద తెచ్చిన కొద్దిపాటి కవళ్లు, కానాగంతల వంటి చేపలు గంపల్లోకి చేరుతూనే ఉంటాయి. ఈ తేడాను విస్మరిస్తే, ఇంజన్ లేని పడవతో బతికే కుటుంబాన్ని చట్టం ఉల్లంఘించినట్టు చూసే ప్రమాదం ఉంది. అది చాలా అన్యాయం.

ఈ వెసులుబాటుకు కారణం స్పష్టమే. సముద్రపు అడుగును ఊడ్చుకుంటూ సాగే ట్రాలు వల గుడ్లతో ఉన్న తల్లి చేపలతో పాటు ఎదగని పిల్లలనూ పట్టుకొస్తుంది; చిన్న తెప్ప మీది వలకు అంత విస్తృతి ఉండదు.

నిషేధం 2015కు ముందు 47 రోజులే ఉండేది. పశ్చిమ తీరంలో అది జూన్ 1 నుంచి జూలై 31 వరకు ఉంటుంది కాబట్టి, పై తేదీలను దేశమంతటికీ అన్వయించకూడదు.