మార్ష్‌మాలో చెప్పని సగం కథ

పిల్లల పెంపకం గురించి ఎవరు మైకు పట్టుకున్నా మార్ష్‌మాలో కథ వచ్చి తీరుతుంది. నాలుగేళ్ల బిడ్డ ముందు మార్ష్‌మాలో అనే ఓ మెత్తటి తీపి ముక్క పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తానని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్తారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా చదివారు, ఆగలేనివాళ్లు వెనకబడ్డారు. ఇక ఇంటికెళ్లి మనవాడి ముందు లడ్డూ పెట్టడమే తరువాయి!

సైకాలజిస్టు వాల్టర్ మిషెల్ ఆ ప్రయోగాలు చేసింది అమెరికాలో, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని బింగ్ నర్సరీ స్కూల్లో. మొత్తమ్మీద ఐదు వందల మందికి పైగా పిల్లలు పాల్గొన్నా, 1990 నాటి పేపర్లో శాట్ (అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్ష) మార్కులతో గట్టి సంబంధం తేలింది మాత్రం 35 మంది లెక్కలోనే. శాంపిల్ చిన్నది, అసలు సంబంధం ఇంతకంటే తక్కువే కావచ్చని ఆ పేపరే హెచ్చరించింది, మైకులే వినలేదు. 2018లో పరిశోధకుడు టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూస్తే ఆ సంబంధం సగానికి పడిపోయింది, ఇంటి పరిస్థితులూ తల్లి చదువూ లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు ఎగిరిపోయింది.

మాకు వీటికంటే నచ్చింది రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన చిన్న ప్రయోగం, 2013లో అచ్చయింది. తీపి ముక్క పెట్టేముందు కొందరు పిల్లలకు మంచి క్రేయాన్లు తెస్తామని చెప్పి తెచ్చారు, కొందరికి చెప్పి తేలేదు. మాట నిలబెట్టుకున్నవాళ్ల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, తప్పినవాళ్ల దగ్గర మూడు నిమిషాలే. అంటే మనం నిగ్రహం అని కొలుస్తున్నది, ఆ బిడ్డకు ఎదుటి మనిషి మీదున్న నమ్మకం కావచ్చు. (ఇదీ 28 మందితో చేసిందే, కాబట్టి దీన్నీ జాగ్రత్తగానే పట్టుకోవాలి.)

బియ్యం బస్తాను ఒకే కాటా మీద మూడుసార్లు తూస్తే మూడు బరువులు చూపించిందనుకోండి, ఆ కాటాను ఎవరూ నమ్మరు. ప్రతిసారీ రెండు కిలోలు తక్కువ చూపించే కాటా నిలకడగానే ఉంటుంది గానీ అదీ పనికిరాదు. సైకాలజీలో ఏ కొలతైనా ఈ రెండు పరీక్షలూ దాటాలి, ఆపైన వేరే ల్యాబ్‌లో వేరే మనుషులు చేసినా అదే ఫలితం రావాలి. 2015లో సైకాలజిస్టు బ్రయాన్ నోసెక్ నాయకత్వంలో వందకు పైగా పరిశోధకులు నిజంగానే వంద ప్రయోగాలు తిరగచేస్తే, గట్టి ఫలితం మళ్లీ కనిపించింది 36 శాతంలోనే. సైకాలజీ పరువు పోయిందని అప్పట్లో కొందరన్నారు. మేమలా అనుకోవడం లేదు. తన తప్పుల లెక్క తనే తీసి బయటపెట్టే శాస్త్రం మీద మాకు గౌరవం పెరిగింది.

మా పేచీ మధ్యవాళ్లతో. మీ పిల్లాడి స్వభావం ఇది, వీడికి ఈ కోర్సే సరిపోతుంది అని ఒక్క గంట టెస్టుతో తేల్చి ఫీజు తీసుకునేవాళ్లను తల్లిదండ్రులు ఒక్కటి అడగాలి: నెల తర్వాత ఇదే టెస్టు మళ్లీ పెడితే ఇదే రిపోర్టు వస్తుందా, ఆ లెక్కలు మీ దగ్గరున్నాయా? చూపించాకే ఫీజు.