మా ఇంటి మేలుకొలుపు

అప్పు ఇచ్చినవాడు బాగు కోరును, పుచ్చుకున్నవాడు చెడు కోరును అన్న సామెతను మా తాతగారు అరుగు మీద కూర్చుని చెబుతూ ఉండగా వినడమే గాని, అందులోని సత్యం నాకు కిందటి దాళ్వాలో, అంటే రబీ వరి పంట కాలంలో గాని బోధపడలేదు. అమలాపురానికి దగ్గరలోని మా చేనికి ఆఖరి తడి అందవలసిన సమయంలో మోటారు కాలిపోతే, వైండింగ్ చేయించడానికి ఫోనులోని ఒక రుణ యాప్‌ను 20,000 రూపాయలు అడిగాను. అయిదు నిమిషాలలో 17,000 వచ్చాయి. తక్కిన 3,000 ఏ మురుగు కాలువలో కలిశాయో ఇప్పటికీ తెలియదు. రెండు వాయిదాలు కట్టి మూడవది తప్పాను. బాకీ నాదే, తీర్చవలసినవాడినీ నేనే. అందులో వివాదం లేదు. నేను ఇక్కడ మనవి చేయదలచినది ఆ తప్పిన వాయిదా పుణ్యమా అని నాకు లభించిన ఆత్మీయతను గురించి మాత్రమే.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఆదివారం తప్ప ఫోను చేయడు. వసూళ్ల విభాగం అబ్బాయి ఆదివారం కూడా మానలేదు. ఉదయం 6 గంటల 10 నిమిషాలకు, కోడి కూసిన తరువాత, కాఫీ దిగక ముందు, ఆయన గొంతు వినిపించేది. బాకీల వసూలు కోసం ఉదయం 8 గంటలకు ముందు గాని, సాయంత్రం 7 గంటల తరువాత గాని ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న స్పష్టంగా చెప్పిన మాట నిజమే. అయితే అంతటి కార్యదక్షుడికి ఆ సంగతి తెలియదనుకోవడం అపచారం. తూర్పు గోదావరి అన్న మా జిల్లా పేరు ఆ ఏడాదే మారినా మేము ఇంకా తూర్పునే ఉన్నాము గనుక, ఇక్కడ పొద్దు ముందుగా పొడుస్తుందని ఆయన భావించి ఉంటారు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలువలకైనా వేసవిలో కట్టివేసే రోజులున్నాయి, దాళ్వాలో నీటికి వంతులున్నాయి. ఆయన ఫోనుకు వంతూ లేదు, కట్టివేతా లేదు.

ఒకనాడు నేను ఫోను ఎత్తకపోయేసరికి, ఆ అబ్బాయి నా క్షేమాన్ని గురించి నా పరిచయస్థులందరినీ విచారించారు. యాప్ పెట్టుకున్ననాడు అది అడిగిన ప్రతిదానికీ 'అనుమతించు' అని నొక్కిన ఉదారుడిని నేనే కదా. రుణ యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితా జోలికి పోకూడదని 2022 సెప్టెంబరు నుంచి నిబంధన ఉన్నది గాని, ప్రేమకు నిబంధనలేమిటి? కొబ్బరి దింపు తీసే సత్తిబాబుకు, రొయ్యల మేత కొట్టు గుమాస్తాకు, చివరకు మా వియ్యంకుడిగారికి కూడా నేను పరారీలో ఉన్నట్టు కబురు అందింది. ఆ సమయంలో నేను మా గట్టు మీదనే ఉన్నాను. లాకుల దగ్గర కాలువ నీళ్లు చూసుకునే లస్కరు సైకిలు దిగి, "ఏవండీ, మీరు ఊళ్లోనే ఉన్నారేంటండీ? ఎల్లిపోయారని ఫోనొచ్చిందండి, ఆయ్!" అని ఎంతో నొచ్చుకున్నాడు. వియ్యంకుడిగారు మాత్రం ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఆయన పద్ధతి. ఆ వారంలో మా అమ్మాయి రెండుసార్లు ఫోను చేసి ఏడ్చింది.

2010 అక్టోబరులో సూక్ష్మ రుణ సంస్థల ఆగడాలు మితిమీరినప్పుడు, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వాయిదాలను ఇళ్ల మీద పడి కాక పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే వసూలు చేయాలన్నది. ఇప్పుడు మనం పంచాయతీ దాకా నడవనక్కరలేదు, పంచాయతీయే ఫోనులోకి వచ్చింది.

ఆ తరువాత వాట్సాప్‌లో నాకొక అరెస్టు వారెంటు వచ్చింది. కోర్టు ముద్ర, పోలీసు చిహ్నం, మూడు సింహాలు ఒకే కాగితం మీద ఇరుకిరుకుగా సర్దుకున్నాయి. నా ఇంటిపేరులో మాత్రం రెండు తప్పులున్నాయి. వాయిదా తప్పడం సివిల్ వ్యవహారమని, వారెంటు ఇవ్వవలసింది కోర్టే గాని వసూళ్ల గుమాస్తా కాదని మా ఊరి ప్లీడరుగారు చెప్పిన మీదట, ఇంతటి అభిమానానికి నా వంతు మర్యాద చేయడం ధర్మమనిపించింది. ప్రతి కాల్ తేదీ, వేళ, అన్న మాట, ధాన్యం లెక్కలు రాసే పుస్తకంలోనే రాశాను, రికార్డింగులు దాచాను. అప్పిచ్చిన కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి అన్నీ జతచేసి పంపి, 30 రోజులలో సరైన జవాబు రాకపోతే ఇలాంటి తగవులు తీర్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చునని, వివరాలకు 14448 నంబరు ఉన్నదని, బెదిరింపులకు పోలీసులున్నారని కూడా ఆ ఉత్తరంలోనే వినయంగా రాశాను. అసలు ఏ కంపెనీ తరఫున అప్పిచ్చారో చెప్పని యాప్ అయితే ఇంత మర్యాద అవసరం లేదు, నేరుగా సైబర్ పోలీసుల 1930కే చెప్పుకోవచ్చును.

మరునాడు రాత్రి 7 గంటల 40 నిమిషాలకు ఫోను మోగింది. "బాబూ, ఏడు దాటింది. ఈ మాటలు రికార్డవుతున్నాయి. మీ పేరు, మీ ఏజెన్సీ పేరు చెబితే పుస్తకంలో రాసుకుంటాను" అన్నాను. అవతల కొంతసేపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, తరువాత అదీ లేదు. మూడవ వాయిదాను నేను కొబ్బరికాయలు అమ్మి, రసీదు అడిగి మరీ కట్టాను.

మొన్న దింపుకు వచ్చిన సత్తిబాబు చెట్టు దిగుతూ, "మీ ఫోనబ్బాయి ఈమధ్య నాకు చేయట్లేదేంటండీ? ఒంట్లో బాగుందాండీ?" అని అడిగాడు.