అప్పిచ్చిన నీళ్లు, నురగ వడ్డీ

వాడేసిన నీళ్లను మళ్లీ ఎట్లా వాడాలో నేర్పడానికి మొన్న హైదరాబాద్ పట్నం నుంచి నల్లగొండకు ఒక పెద్దసారు వచ్చారు. టిఫిన్ కూడా ఉందన్నారు కనుక మేమూ నేర్చుకుందామని వెళ్లాం. స్నానం చేసినవి, బట్టలుతికినవి గ్రేవాటరట. మరుగుదొడ్డివి బ్లాక్‌వాటరట. "రెండూ కలవనియ్యొద్దు, కలిస్తే శుద్ధి చేసుడు కష్టం" అని సారు తెర మీద రెండు రంగుల పైపులు చూపించారు.

వెనక వరుసలోంచి మూసీ ఆయకట్టు రైతు లేచాడు. "మరి మాకు కలిపి పంపుతున్నదెవరు సారూ?"

సారు తర్వాతి స్లైడుకు పోయారు.

నిజానికి ఈ విద్యలో మాతో పోటీకొచ్చే జిల్లా లేదు. 2004 నుంచి సాగర్ నీళ్లు మా కోదండాపూర్‌లో శుద్ధయి పట్నానికి పోతున్నాయి. పట్నం వాటిని తాగి, తానమాడి, తోమి వదిలితే, శుద్ధయినంత అయి, కానంత కాకుండానే మూసీలో దిగి, వలిగొండ మీదుగా మా వరిమళ్లు తడిపి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలోనే పడుతున్నాయి. అసలు నీళ్లు, వడ్డీ నురగ. ఇంత నిజాయితీగా బాకీ తీర్చే ఊరు ఇంకోటి చూపించండి!

పట్టణాల్లో తలకు రోజుకు 135 లీటర్లు లెక్కట. మా చిన్నమ్మ, "నల్లా ఎప్పుడొస్తదో చెప్పు బిడ్డా, లీటర్లు తర్వాత లెక్కపెడదాం" అంది. మా నాయనమ్మకైతే స్లైడే అక్కర్లేదు. బియ్యం కడిగిన నీళ్లు కుడితి గోళెంలోకి, అక్కడి నుంచి బర్రెకు. ముఖం కడిగినవి అరటిచెట్టు మొదట్లోకి. మోరి దాకా పోయిన చుక్కను ఆమె మనిషిని తిట్టినట్టు తిట్టేది.

ఆ రక్తమే కదా అని నేనూ వాషింగ్ మెషిన్ నీళ్లు డ్రమ్ములో పట్టి, పాలమూరులో పెళ్లికి పోయి నాలుగు రోజులకు వచ్చాను. గ్రేవాటర్‌ను ఒక్కరోజుకు మించి నిల్వ పెట్టకూడదని అప్పుడు తెలిసింది, పక్కింటాయన నోటి ద్వారా. సబ్బు ఉప్పుకు మట్టి బిగుసుకుంటుందని మాత్రం తులసిచెట్టు చెప్పింది, చచ్చిపోయి.

కనుక మూసీ రైతుల తరఫున నా విన్నపం ఒక్కటే. అవార్డు వద్దు, శాలువా వద్దు. పట్నపోళ్లు సబ్బు మార్చినప్పుడల్లా ఒక వారం ముందు కబురు చేస్తే చాలు. మిల్లుకాడ ధాన్యం వాసన చూసేవాడికి మేం ఏదో ఒక జవాబు చెప్పుకోవాలి కదా.