మంగు కాయకూ కుళ్లిన కాయకూ తేడా తెలియని ఫార్వర్డ్

నిన్న ఒక్కరోజే ఆ మెసేజ్ నాకు మూడుసార్లు వచ్చింది. పొద్దున మిర్యాలగూడ బావ పంపాడు. మధ్యాహ్నం మా డిగ్రీ బ్యాచ్ గ్రూపులో పడింది. రాత్రి పన్నెండున్నర మ్యాచ్ కోసం కళ్లు నులుముకుంటూ కూర్చుంటే, మా గ్రౌండ్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే సార్ కూడా పంపారు. పంపి ఊరుకోకుండా కింద ఒక లైను జోడించారు: "మన టీముకు కూడా ఇదే రూలు పెడదాం." మొదటి రెండింటినీ చూసీ చూడనట్టు వదిలేశాను. మూడోదానికి మాత్రం జవాబు రాయక తప్పడం లేదు.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. ఎంత ఆట వచ్చినవాడైనా క్రమశిక్షణ లేకపోతే క్లబ్ వాణ్ణి వెంటనే అమ్మేయాలి. ఎందుకంటే, ఒకటి, కుళ్లిన పండు ఒక్కటి ఉంటే చాలు, బుట్టంతా పాడవుతుంది. రెండు, మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్‌గా ఫెర్గూసన్ గీత దాటిన ప్రతివాణ్ణీ అమ్మేశాడు, అందుకే 13 లీగ్ టైటిళ్లు గెలిచాడు. మూడు, అమ్మిన డబ్బుతో ముగ్గురు బుద్ధిమంతులు వస్తారు. నాలుగు, ఇలాంటివాళ్లు జన్మలో మారరు. ఐదు, ఆటంటే పది శాతం టాలెంట్, తొంభై శాతం క్రమశిక్షణ. దీని పక్కన మన పాత ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఫొటో. చివర్లో, మీ పిల్లల టీముల్లోనూ ఇదే పాటించండి, పది మందికి పంపండి.

ఐదోది ముందే తీసేద్దాం. రహీం సాబ్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానం దాకా, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా తీసుకెళ్లిన మన హైదరాబాదీ. 1963లోనే పోయారు. పోయినవాళ్ల ఫొటో పక్కన ఏ మాట అంటించినా లేచొచ్చి కాదనరు. ఆ పది, ఆ తొంభై ఏ కాంటా మీద తూచారో చెప్పండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ఇక కుళ్లిన పండు. నల్గొండలాంటి బత్తాయి జిల్లాలో ఉండి నాకు పండ్ల పాఠం చెబుతున్నారా? మాది గుర్రంపోడు వైపు. నాన్నకు బత్తాయి తోట ఉండేది. ఒక ఏడు కాయకు మంగు పట్టింది. నల్లి గీకేసి తోలంతా గోధుమ రంగుకు తిరిగింది. తోటకొచ్చిన వ్యాపారి చెట్టు మీది కాయను బొటనవేలి గోరుతో గీకి, "మంగు బాగ కొట్టింది పెద్దాయనా, రేటు రాదు" అన్నాడు. నాన్న అక్కడే చాకుతో కాయ కోసి పిండి చూపించాడు. రసం మోచేతి దాకా కారింది. "రసం ఎవరు చూస్తరు, తోలు చూస్తరు" అన్నాడతను. సగం ధరకు కోసుకెళ్లాడు. ఆ కాయంతా జ్యూస్ బండ్లకు వేశాడని తర్వాత తెలిసింది. జ్యూస్ బండి దగ్గర నిలబడి తోలు చూసేవాడు ఎవడు?

1992 నవంబరులో ఇంగ్లండ్ క్లబ్ లీడ్స్ చేసింది అదే. అంతకుముందు సీజన్‌లోనే లీగ్ గెలిచిన జట్టు. అందులో స్ట్రైకర్ కాంటోనా మాట వినడు, మేనేజర్‌తో పడదు. తోలు చూసి 12 లక్షల పౌండ్లకు యునైటెడ్‌కు ఇచ్చేశారు. ఆ సీజన్ చివరికి లీడ్స్ 17వ స్థానంలో తేలింది. సొంత ఊరు దాటి ఒక్క లీగ్ మ్యాచ్ కూడా గెలవలేదు. యునైటెడ్ 26 ఏళ్ల తర్వాత లీగ్ కొట్టింది. జ్యూస్ బండి ఫెర్గూసన్‌ది మరి.

అదే ఫెర్గూసన్‌ను తీసుకొచ్చి రెండో పాయింటులో నిలబెట్టారు. 1995 జనవరి 25న కాంటోనా ఎర్రకార్డు తీసుకుని బయటికి నడుస్తూ గ్యాలరీలో ఉన్న ప్రేక్షకుడి మీదికి ఎగిరి తన్నాడు. దీనికి మించిన క్రమశిక్షణారాహిత్యం ఉంటే చెప్పండి, వింటాను. సెప్టెంబరు ఆఖరు దాకా నిషేధం, 120 గంటల సమాజసేవ శిక్ష. ఫార్వర్డ్ లెక్క ప్రకారం మర్నాడే అమ్మేయాలి. ఫెర్గూసన్ ఏం చేశాడు? ఇంగ్లండ్ వదిలి పోతానంటున్న మనిషిని పారిస్ దాకా వెళ్లి ఒప్పించి తెచ్చుకున్నాడు. తర్వాతి ఏడు లీగ్, ఎఫ్‌ఏ కప్ రెండూ వచ్చాయి. ఫైనల్లో లివర్‌పూల్ మీద పడిన ఒకే ఒక్క గోల్ కాంటోనాదే.

మీరు అడగకపోయినా నేనే చెబుతాను. ఆ తన్ను ఊరికే పోలేదు. కాంటోనా లేని ఆ సగం సీజన్లో యునైటెడ్ ఒకే ఒక్క పాయింటు తేడాతో బ్లాక్‌బర్న్‌కు టైటిల్ వదులుకుంది. అతను ఉన్న ఐదు సీజన్లలో రాని టైటిల్ అదొక్కటే. అయినా అమ్మలేదు.

అసలు నా నోరు మూయించే ఉదాహరణ ఒకటుంది, ఆ మెసేజ్ రాసినవాడికి అది తట్టనే లేదు. వాన్ నిస్టల్‌రాయ్. యునైటెడ్‌కు 150 గోల్స్ కొట్టినవాడు. 2006లో ట్రెయినింగ్‌లో గొడవలు, సీజన్ చివరి మ్యాచ్ రోజు గ్రౌండ్ వదిలి వెళ్లిపోవడం, ఆ వేసవిలోనే రియల్ మాడ్రిడ్‌కు అమ్మకం. నేను ఆ రోజు నిజంగానే అన్నం మానేశాను. ఆ తర్వాత వరసగా మూడు టైటిళ్లు వచ్చాయి. ఒప్పుకుంటున్నాను, ఫెర్గూసన్ చేసిందే కరెక్టు. కానీ అతని జాగాలో రూనీ, రొనాల్డో అప్పటికే ఎదిగి ఉన్నారు. ఇంట్లో బియ్యం చూసుకుని ఎసరు పెట్టాడు ఆయన. అంతకుముందు 2001లో డిఫెండర్ స్టామ్‌ను అమ్మింది మాత్రం తప్పేనని తనే ఒప్పుకున్నాడు. గీత దాటిన ప్రతివాణ్ణీ అమ్మాడన్నది ఉత్త మాట.

ముగ్గురు బుద్ధిమంతుల లెక్క చూద్దాం. 2013లో లివర్‌పూల్ స్ట్రైకర్ సువారెజ్ ప్రత్యర్థిని కొరికి పది మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. ఆ వేసవిలో ఆర్సెనల్, మనం నూటపదహార్లు చదివించినట్టు, 4 కోట్ల పౌండ్ల మీద ఇంకో పౌండు పెట్టి అడిగింది. లివర్‌పూల్ ఇవ్వలేదు. మరుసటి సీజన్ మొదటి ఐదు లీగ్ మ్యాచ్‌లు నిషేధంలోనే పోయినా 31 గోల్స్ కొట్టాడు. జట్టు మొత్తం 101 గోల్స్, టైటిల్ రెండు పాయింట్లలో తప్పింది. 2014లో వరల్డ్ కప్‌లో ఇంకొకణ్ణి కొరికాక, ఆర్సెనల్ చెప్పిన ధర కంటే బాగా ఎక్కువకు బార్సిలోనాకు అమ్మారు. ఆ డబ్బుతో ముగ్గురేం ఖర్మ, అంతకంటే ఎక్కువ మందినే కొన్నారు. 101 గోల్స్ కాస్తా 52 అయ్యాయి, రెండో స్థానం ఆరో స్థానమైంది. అలా కొన్నవాళ్లలో ఒకడు బలోటెల్లి. అవును, బాత్రూంలో టపాకాయలు పేలిన ఇంటి యజమానే. బుద్ధిమంతుడి వాటాలో లీగ్ గోల్ ఒక్కటి.

అమ్మొద్దని కాదు నేను అంటున్నది. కోపంలో అమ్మొద్దు అంటున్నాను. "వీడు పనికిరాడు, తీసుకుపొండి" అని నువ్వే బజార్లో అరిచాక కొనేవాడు ధర ఎందుకు పెడతాడు? మంగు కాయ దగ్గర నాన్నకు జరిగింది అదే, కాకపోతే అక్కడ అరిచింది వ్యాపారి. ఇక్కడ అమ్మేవాడే అరుస్తున్నాడు. 2011 సెప్టెంబరులో మ్యూనిక్‌లో మాంచెస్టర్ సిటీ స్ట్రైకర్ టెవెజ్ బెంచి మీద నుంచి లేవలేదని, వాడితో నా పని అయిపోయిందన్నాడు మేనేజర్ మాంచినీ. జనవరిలో అమ్మాలనే చూశారు, బేరం కుదరలేదు. మార్చిలో తిరిగొచ్చి చెల్సీ మీద గెలుపు గోల్‌కు పాస్ ఇచ్చాడు, ఏప్రిల్‌లో నార్విచ్ మీద మూడు కొట్టాడు. ఆ ఏడు సిటీ టైటిల్ గెలిచింది గోల్స్ తేడాతో. చివరి రోజు ఆ టైటిల్ తెచ్చిన అగ్వెరో గోల్‌కు బంతి తోసింది ఎవరనుకున్నారు? మన టపాకాయల బలోటెల్లే.

ఇక జన్మలో మారరు అన్న ముక్క. పెద్ద ఆటగాళ్ల విషయంలో నేను గట్టిగా వాదించలేను. సువారెజ్ 2010లో ఒకణ్ణి కొరికాడు, 2013లో ఒకణ్ణి, 2014లో ఒకణ్ణి. పళ్లు మారలేదు, నోరు మారలేదు. సరే.

కానీ ఆ మాట పట్టుకుని పదహారేళ్ల పిల్లాడి మీదికి వెళుతున్నారు చూడండి, అక్కడే నాకు ఒళ్లు మండుతోంది. సార్ జోడించిన లైను ఎవరి గురించో గ్రౌండ్‌లో అందరికీ తెలుసు. ప్రాక్టీసు ఆరింటికైతే వాడు ఆరూ ఇరవై ఐదుకు వస్తాడు, చెంప మీద దిండు గీతలతో. వాడికేం కష్టాలు లేవు. ఇంట్లో పాలు పిండే పని లేదు, పేపర్లు వేసే పని లేదు. రాత్రి రెండు దాకా ఫోన్ చూస్తాడు, అంతే. అడిగితే, "అలారం మోగలే అన్నా" అంటాడు. పోయిన నెల రెఫరీ ఆఫ్‌సైడ్ ఇచ్చాడని బంతిని గోడ దాటించి తన్నాడు. అది పోయి రోడ్డు మీద ఇడ్లీ బండి సాంబారు గిన్నెలో పడింది. ఆ సాంబారు డబ్బులు కట్టింది నేనే. కాబట్టి వాడి మీద నాకు ప్రేమ పొంగిపోతోందని ఎవరూ అనుకోవద్దు.

అయితే మా గ్రౌండ్‌లో గడ్డి లేదు, గట్టి మట్టి. బంతి కుందేలులా ఎగురుతుంది. అలాంటి బంతిని ఎడమ కాలి మడమ పక్కన ఆపి, అదే కదలికలో మనిషిని తప్పించుకునిపోయే పిల్లాణ్ణి నేను ఇరవై ఏళ్లలో ఇక్కడ ఇంకొకణ్ణి చూడలేదు.

వాణ్ణి ఎవరికి అమ్ముతారు సార్? నిజంగానే అడుగుతున్నాను. 2023 సెప్టెంబరులో సాంచో మేనేజర్‌తో గొడవపడితే యునైటెడ్ వాణ్ణి జట్టుకు దూరంగా పెట్టింది. జనవరిలో జర్మనీ క్లబ్ డార్ట్‌మండ్‌కు అప్పిచ్చింది. ఐదు నెలలు తిరగకముందే అతను చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. మనవాడికి డార్ట్‌మండ్ ఎక్కడుంది, నకిరేకల్‌లోనా? క్లబ్ అమ్మితే ఆటగాడు ఇంకో చోట ఆడతాడు. మనం తీసేస్తే వాడు ఆటే మానేస్తాడు. పొద్దున ఎనిమిదింటికి లేస్తాడు, సాయంత్రం ఎవడిదో బండి తీసుకుని అద్దంకి హైవే ఎక్కుతాడు. దాన్ని అమ్మడం అనరు. ఆ తేడా చెప్పకుండా, మీ పిల్లల టీముల్లోనూ పాటించండి అని పది మందికి పంపమంటున్నాడు ఎవడో, మనం పంపుతున్నాం.

శిక్ష వద్దనడం లేదు. లేటుగా వస్తే గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించండి, బంతులు మోయించండి, సాంబారు డబ్బులు వాడి పాకెట్ మనీలోంచి వసూలు చేయండి (నాకు ఇవ్వండి).

ఆదివారం సూర్యాపేట పిల్లలతో మ్యాచ్ ఉంది. మొదటి సగం వాణ్ణి బెంచి మీద కూర్చోబెడదామని సార్ అన్నారు, నేనూ సరే అన్నాను. రెండో సగం సంగతి ఇంకా తేలలేదు. రేపు పొద్దున ఆరింటికి సార్ దగ్గరికి వెళ్లి మాట్లాడాలి. వాణ్ణి కూడా ఆరింటికే రమ్మన్నాను, అలారం మూడు పెట్టుకొమ్మని చెప్పి.