సులువైన ఇంగ్లిష్ ఎవరికి సులువు?

“ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉంటున్నారు, ఇంగ్లిష్ ముక్క రాదు.” మెక్సికో నుంచి, గ్వాటెమాలా నుంచి, హోండురాస్ నుంచి వచ్చి ఇక్కడ కాయకష్టం చేసుకుని బతికేవాళ్ల గురించి అమెరికాలోని డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల విందుల్లో ఈ మాట తరచూ వినబడుతుంది. విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. అంటున్నది ఎవరు? బడిలో చేరిన నాటి నుంచి ఇంగ్లిష్ చదివి, ఇంగ్లిష్‌లోనే పరీక్షలు రాసి, చేతిలో డిగ్రీతో విమానం ఎక్కిన మనం. పడుతున్నది ఎవరు? తెల్లవారుజామునే ఇళ్ల పైకప్పులు వేసే పనికి వెళ్లి, సాయంత్రం ఇంకోచోట గిన్నెలు కడిగి, ఆ ఒళ్లునొప్పులతోనే రాత్రి తరగతికి వచ్చి కూర్చునేవాళ్లు.

ఇక్కడి పబ్లిక్ లైబ్రరీలో పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పే తరగతిలో నేను స్వచ్ఛందంగా పాఠాలు చెబుతున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్లు. వాళ్లకు తెలివీ తక్కువ కాదు, పట్టుదలా తక్కువ కాదు. వాళ్లకు ఇంగ్లిష్‌ను తలకిందులుగా నేర్పుతున్నారన్నదే నా అభియోగం.

మొదటి స్థాయి పుస్తకం ఏది తెరిచినా వరస ఒకటే. ముందు పొట్టి మాటలు: గెట్, పుట్, టేక్, మేక్, డూ. పొడుగు మాటలు, చదువుకున్నవాళ్ల మాటలు పై స్థాయిల్లో. చిన్నవి సులువు, పెద్దవి కష్టం అన్న లెక్క అది. స్పానిష్ మాట్లాడే మనిషికి ఈ లెక్క పూర్తిగా తప్పు. ఇంపాజిబుల్, నెసెసరీ, ఇన్ఫర్మేషన్, హాస్పిటల్, టాలరేట్ లాంటి మాటలు కాగితం మీద కనబడగానే వాళ్లకు అర్థమైపోతాయి. అవన్నీ కాస్త వేరే రూపంలో వాళ్ల భాషలో ఉన్నవే. ‘టాలరేట్’ అంటే తొలెరార్. అదే అర్థం ఇచ్చే ‘పుట్ అప్ విత్’ మాత్రం ఎన్నిసార్లు చదివినా కొరుకుడుపడదు. పుట్ తెలుసు, అప్ తెలుసు, విత్ తెలుసు. మూడూ కలిస్తే భరించడం ఎలా అయింది?

దీని వెనక చరిత్ర ఉంది. 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి విలియం దండెత్తి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచాక కొన్ని తరాలపాటు దర్బారు భాష, న్యాయస్థానాల భాష ఫ్రెంచ్. చర్చికీ చదువులకూ లాటిన్. పొలంలో, వంటింట్లో, సంతలో మాత్రం ఇంగ్లిష్ పుట్టుకతో తెచ్చుకున్న పాత జర్మానిక్ మాటలే నిలిచాయి. అందుకే ఇంగ్లిష్‌కు రెండు అరలు. పై అరలో ఉన్న సరుకంతా లాటిన్ కుటుంబానిది, స్పానిష్‌కు దగ్గర చుట్టం. రోజూ చెయ్యి పెట్టే కింది అర వాళ్లకు పూర్తిగా పరాయిది. మన దగ్గరికి ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ల తీరు చూడండి. సమయం, పుస్తకం, విద్యార్థి, సమాచారం అంటే ఇట్టే పట్టేస్తారు. ‘కాస్త జరిగి కూర్చో’, ‘చీపురు తెచ్చి ఊడ్చు’ అంటే బిత్తరపోతారు. మనకు అత్యంత తేలికైన తెలుగే వాళ్లకు అత్యంత కష్టమైన తెలుగు. స్పానిష్ వాళ్లకు ఇంగ్లిష్‌తో సరిగ్గా ఇదే చిక్కు, ఇంకా పెద్ద మోతాదులో.

నా తరగతికి వచ్చే ఒకాయన ఒక రెస్టారెంట్ వంటగదిలో కూరగాయలు తరుగుతాడు. జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం ఎప్పుడూ వెంట ఉంటుంది, పేజీల అంచులకు నూనె మరకలు. ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు స్పానిష్ మాట, మధ్యలో స్కేలుతో కొట్టిన గీత. ఒక రాత్రి ఆ పుస్తకం నా ముందు పెట్టి ‘రన్’ అన్న మాట మీద వేలు ఉంచాడు. దానికి ఎదురుగా కొరెర్, అంటే పరుగెత్తడం అని రాసుకున్నాడు. ఆ రోజు వాళ్ల మేనేజరు ఉల్లిపాయలు ‘రన్ అవుట్’ అయ్యాయని అన్నాడట. ఎవరు పరుగెత్తారు, ఎక్కడికి పరుగెత్తారు అని ఆయన నన్ను అడిగాడు. అది తెలివైన మనిషి అడిగే ప్రశ్న. అప్పుడు ఆ గీతకు కుడివైపు ‘సె అకబారోన్’ అని రాశాం. ఉల్లిపాయలు అయిపోయాయి, అంతే. ఆయన మొహం విప్పారింది. ఆ తర్వాత ‘రన్ ఇన్‌టు’, ‘రన్ ఓవర్’, ‘రన్ లేట్’ ఒక్కొక్కటీ ఆయనే అడిగి రాయించుకున్నాడు. తరగతి సమయం దాటిపోయినా ఎవరూ లేవలేదు, ఎందుకంటే ఆ మాటలన్నీ వాళ్లలో ప్రతి ఒక్కరూ పనిలో రోజూ వింటున్నవే.

కుడివైపు స్పానిష్ మాట ఒక్కటి రాయడంతో పనైపోయింది. కానీ చాలాచోట్ల అది నిషేధం. తరగతి గదిలో ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష వినబడకూడదు అన్నది ఒక పట్టింపు. కాలిఫోర్నియాలో 1998లో ప్రజల ఓటుతో ప్రపొజిషన్ 227 అన్న చట్టమే తెచ్చి, ఇంగ్లిష్ రాని పిల్లలకు పాఠాలు దాదాపు పూర్తిగా ఇంగ్లిష్‌లోనే చెప్పాలన్నారు. 2016లో మళ్లీ ప్రజలే ఓటు వేసి దాన్ని తీసేశారు. చట్టం పోయినా ఆ ఆలోచన పోలేదు. బొమ్మ చూపించి, చేతులు తిప్పి, అభినయించి ఒక మాటకు అర్థం చెప్పడానికి పది నిమిషాలు పాడుచేస్తారు తప్ప, ఆ మనిషి నాలుక మీద ఉన్న మాటను మాత్రం పలకనివ్వరు. నలభై ఏళ్ల మనిషి తన తలలో ఉన్న భాషను గుమ్మం బయట చెప్పుల పక్కన వదిలి ఎలా వస్తాడు? ఎందుకు రావాలి? (ఇంకో సంగతి. గ్వాటెమాలా కొండప్రాంతాల నుంచి వచ్చిన కొందరికి ఇంటి భాష స్పానిష్ కూడా కాదు. కిచే, మామ్ లాంటి మాయా భాషలు మాట్లాడతారు. వాళ్లకు ఇంగ్లిష్ మూడో భాష. వాళ్లను పట్టుకుని చదువు అబ్బనివాళ్లు అనడానికి నోరెలా వస్తుందో నాకు తెలియదు.)

వ్యాకరణం సంగతికొస్తే, వాళ్లు చేసే తప్పుల్లో చాలా వాటికి పక్కా కారణం ఉంది. ‘ఐ హ్యావ్ హంగర్’ అంటారు, ఎందుకంటే స్పానిష్‌లో ‘ఆకలిగా ఉన్నాను’ అనరు, ‘ఆకలిని కలిగి ఉన్నాను’ అంటారు: తెంగో ఆంబ్రె. వయసు కూడా అంతే, ‘ఐ హ్యావ్ ఫార్టీ ఇయర్స్’. ‘ఈజ్ రెయినింగ్’ అని ఆపేస్తారు, ముందు ‘ఇట్’ పెట్టరు. వాన కురవడానికి కర్త ఎవరు? మనమూ ‘వాన పడుతోంది’ అంటామే తప్ప ‘అది వాన పడుతోంది’ అనం. ‘వస్తున్నాను’ అంటే వచ్చేది నేనేనని క్రియే చెబుతుంది, నేను అని వేరుగా చెప్పనక్కర్లేదు. స్పానిష్ క్రియ కూడా అచ్చం అలాగే తన కర్తను తనలోనే మోస్తుంది. అలాంటి భాష నుంచి వచ్చినవాళ్లు ‘ఐ’, ‘షి’, ‘ఇట్’ మరిచిపోతే అందులో వింత ఏమీ లేదు.

వీటన్నిటికంటే పెద్ద ముల్లు ‘డూ’. స్పానిష్‌లో ప్రశ్న వేయాలంటే వాక్యం చివర స్వరం పైకి లేపితే చాలు, కాదనాలంటే క్రియ ముందు ‘నో’ పెడితే చాలు. ఇంగ్లిష్‌లో అర్థమంటూ ఏమీ లేని ఒక ‘డూ’ను తెచ్చి ముందు నిలబెట్టాలి. మనిషి మారితే అది ‘డజ్’ కావాలి. ‘షి వర్క్స్’ లో చివర ఉన్న ‘స’కారం ‘డజ్’ రాగానే క్రియ మీద నుంచి మాయం కావాలి. కాలం మారితే ‘డిడ్’ అయ్యి, ‘వర్క్‌డ్’ మళ్లీ ‘వర్క్’ అయిపోవాలి. ఇది ఎందుకో పుస్తకంలో ఉండదు, పట్టిక మాత్రం ఉంటుంది. నేను పట్టిక మూసేసి, వాళ్లు రోజూ నిజంగా అడిగే ప్రశ్నలే తీసుకుంటాను. జీతం ఎప్పుడు ఇస్తారు, ఈ మందు ఎలా వేసుకోవాలి, ఈ బస్సు ఫలానా చోట ఆగుతుందా. ఒకే ప్రశ్నను నోరు తిరిగేదాకా పలికిస్తే ‘డూ’ దానంతట అదే కుదురుకుంటుంది.

వీళ్లకు వ్యాకరణం రాదనేవాళ్లు ఒక్క విషయం గమనించాలి. ఇంగ్లిష్‌లో ఒక మామూలు క్రియకు నాలుగు రూపాలు: వాక్, వాక్స్, వాక్డ్, వాకింగ్. స్పానిష్ క్రియకు యాభై దాకా ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఒకే ‘ఈజ్’ సరిపోయే చోట స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని రెండు వేర్వేరు క్రియలు, ఎక్కడ ఏది వాడాలో తేల్చుకోలేక అమెరికన్లు ఏళ్ల తరబడి తంటాలు పడతారు. చదువు లేని తల్లులు కూడా అవన్నీ తడుముకోకుండా వాడుతున్నారు.

దగ్గరి చుట్టరికంలో ప్రమాదమూ ఉంది. ఒకేలా వినబడి వేరే అర్థమిచ్చే మాటలు. కొన్ని తేలికగా పోతాయి: లిబ్రెరియా అంటే లైబ్రరీ కాదు, పుస్తకాల దుకాణం. అక్తువల్మెంతె అంటే ‘యాక్చువల్లీ’ కాదు, ప్రస్తుతం. కొన్ని అలా పోవు. మొలెస్తార్ అంటే విసిగించడం మాత్రమే. ‘నా తోటి పనివాడు నన్ను విసిగిస్తున్నాడు’ అని చెప్పబోయి ఆ మాటను ‘మొలెస్ట్’ అని ఇంగ్లిష్ రూపంలో వాడితే అది లైంగిక నేరారోపణ అవుతుంది, పోలీసులు వస్తారు. 1980లో ఫ్లోరిడాలో 18 ఏళ్ల కుర్రాడిని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. క్యూబా నుంచి వచ్చిన అతని కుటుంబం ‘ఇంతొక్సికాదొ’ అంది. వాళ్ల వాడుకలో తిన్నదో తాగినదో పడక జబ్బు చేసిందని అర్థం. వైద్యులకు అది ‘ఇంటాక్సికేటెడ్’గా వినబడింది. మాదకద్రవ్యాలు ఎక్కువై పడిపోయాడనుకుని ఆ చికిత్స చేశారు. నిజానికి అది మెదడులో రక్తస్రావం. అది తేలేసరికి ఆలస్యమైంది, ఆ కుర్రాడికి కాళ్లూ చేతులూ జీవితాంతం పడిపోయాయి. ఇలాంటి మాటలు మొదటి నెలలోనే నేర్పాలని నేను గట్టిగా అంటాను. రంగుల పేర్లు, జంతువుల పేర్లు తర్వాత చూసుకోవచ్చు. కూలిపని చేసే మనిషికి జిరాఫీ పేరుతో పనేమిటి?

ఉచ్చారణ గురించి రెండు ముక్కలు చాలు. స్పానిష్‌లో అచ్చు ధ్వనులు ఐదే, హ్రస్వం దీర్ఘం తేడా లేదు. కాబట్టి ‘లివ్’, ‘లీవ్’ ఒకేలా పలుకుతారు. ఇక్కడ ఉంటున్నాను అంటే వెళ్లిపోతున్నాను అని వినబడే అవకాశం ఉంది కాబట్టి ఇది ఓపికగా దిద్దాల్సిందే. ‘ఎస్కూల్’, ‘ఎస్టాప్’ అనడం మాత్రం దిద్దకపోయినా కొంప మునగదు. మన ఊళ్లలో ఇస్కూలు అన్నవాళ్ల పిల్లలే ఇప్పుడు ఇక్కడ ఇళ్లు కొనుక్కుంటున్నారు. ఆ పలుకు విని నవ్వే హక్కు మనకు అసలే లేదు.

ఇప్పుడు ఇది ఇంకా తొందరపడాల్సిన విషయం అయింది. 2025 మార్చి 1న అధ్యక్షుడి ఉత్తర్వుతో ఇంగ్లిష్ ఈ దేశపు అధికార భాష అయింది. అదే ఏడాది జూన్ నుంచి తనిఖీలో ఇంగ్లిష్ చాలదని తేలిన ట్రక్కు డ్రైవర్లను అక్కడికక్కడే బండి దించేస్తున్నారు. భాష రావాలని అడగడం తప్పు కాదు. రోడ్డు మీద బోర్డులు చదవగలగాలి, ఒప్పుకుంటాను. కానీ అడిగే ప్రభుత్వం నేర్పే ఏర్పాటుకు కూడా అంతే పట్టుబట్టాలి కదా! రాత్రి తరగతులకు డబ్బు లేదు, జీతమిచ్చి పెట్టుకున్న ఉపాధ్యాయులు తక్కువ, తల్లి చదువుకుంటుంటే బిడ్డను చూసుకునే మనిషి లేదు. ఒడిలో పసిబిడ్డతో తరగతిలో కూర్చునే ఆడవాళ్లను ఎందరినో చూస్తున్నాను. ఆ బిడ్డ ఏడిస్తే ఆ రోజు పాఠం అక్కడితో సరి.

ఇక్కడి మనవాళ్లకు నా విన్నపం. మీ పెరట్లో గడ్డి కోసే మనిషితో, మీరు వెళ్లే ఇండియన్ రెస్టారెంట్ వంటగదిలో దోసెలు పోసే మెక్సికన్ కుర్రాడితో మాట్లాడేటప్పుడు గొంతు పెంచకండి. వాళ్లకు చెవుడు లేదు. పొట్టి మాటలతో ‘సులువుగా’ మాట్లాడాననీ అనుకోకండి. ‘టేక్ ఆఫ్’ బదులు ‘రిమూవ్’ అనండి. ‘పుట్ ఆఫ్’ బదులు ‘పోస్ట్‌పోన్’, ‘కీప్ ఆన్’ బదులు ‘కంటిన్యూ’, ‘కమ్ ఇన్’ బదులు ‘ఎంటర్’ అనండి. ఇంగ్లిష్‌లో కాస్త బరువుగా తోచే ఈ మాటలే వాళ్లకు పుట్టింటి మాటల్లా వినబడతాయి, పని సగం సమయంలో తెములుతుంది. వారంలో ఒక సాయంత్రం తీరిక ఉన్నవాళ్లు మీ ఊరి లైబ్రరీలో ఇంగ్లిష్ తరగతికి మనుషులు కావాలేమో అడగండి. స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు. వచ్చినవాళ్లను కుడివైపు తమ మాట రాసుకోనిస్తే చాలు.