నీలం పంపు ఒక్కటే చాలునా?

కళ్యాణదుర్గం దగ్గర పల్లె. శెనక్కాయల మిషన్లు ఆడే రోజులు. ఉబ్బసమున్న చిన్నాయనకూ, ఫార్మసీ చదివిన అన్న కూతురు భారతికీ వాదం.

చిన్నాయన: ఆయాసానికి పీల్చే ఈ నీలం పంపు నాకొద్దు పాపా. అలవాటైతే సచ్చేదాంకా ఇడ్సదంట. మాత్రేసుకుంటా.

భారతి: రెండింట్లోనూ ఉండేది సాల్బుటమాల్ అనే ఆయాసం మందే చిన్నాయనా. మాత్రలో 4 మిల్లీగ్రాములు. పంపు ఒకతూరి నొక్కితే 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్ర 40 నొక్కులంత! అదంతా రక్తంలో కలిసి ఒళ్లంతా తిరగల్ల. మాత్రేసిన నాడు నీ చేతిలో టీ గ్లాసు వణికేది, గుండె దడదడలాడేది అందుకే. పంపు మందు నేరుగా ఊపిరి గొట్టాలకు పోతాది. వాటి చుట్టూ బిగిసిన కండరంలో మందు తగులుకునే చోట్లు, బీటా-2 గ్రాహకాలుంటాయి, వాటిని తట్టి కండరాన్ని సడలిస్తాది. అయిదు నిమిషాల్లో ఊపిరాడతాది, నాలుగైదు గంటలు నిలుస్తాది.

చిన్నాయన: అట్లైతే ఈ నీలం పంపొకటి చాలు. డాక్టరు రోజూ పీల్చమన్న రెండో పంపు పీలిస్తే ఏమీ తెలీదు. పైగా స్టెరాయిడంట, ఎముకలు గుల్లవుతాయంట. పంట సరిగ్గా రాని ఏడు రెండు పంపులు యాడ కొనేది?

(డబ్బు మాట కొట్టిపారేసేది కాదు. మన పల్లెల్లో మందు మానేసేది ఎక్కువగా అక్కడే.)

భారతి: నీలం పంపు కండరాన్ని వదులు చేస్తాది, అంతే. ఊపిరి గొట్టాల లోపలి వాపు అట్లే ఉంటాది, దాన్ని తగ్గించేది ఆ రెండో పంపు. బాగుందని శెనక్కట్టె వామి కాడికి పోతావు, దుమ్ము పీలుస్తావు, నడిరేయి మళ్లా లేచి కూర్చుంటావు. ఏడాదికి మూడు నీలం పంపులు ఖర్చయితే పెద్ద ఆయాసం ముప్పు పెరుగుతాది. పన్నెండైతే ప్రాణానికే ముప్పు. పెద్దోళ్లకు నీలం ఒక్కదాంతో నెట్టుకు రావద్దని ఆస్తమా నిపుణుల ప్రపంచ సంస్థ గినా 2019లోనే చెప్పింది. ఎముకల భయం ఎక్కువుండేది మింగే స్టెరాయిడ్ మాత్రలతో. అవి మాటిమాటికీ మింగే గతి పట్టకూడదనే ఈ రెండో పంపు.

చిన్నాయన: రెండూ ఒకదాంట్లో లేవా?

భారతి: ఉండాయి! కండరాన్ని సడలించే ఫార్మోటెరాల్, వాపు తగ్గించే స్టెరాయిడ్ బుడెసనైడ్ కలిపిన పంపు. ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లోనే పనిచేస్తాది, పన్నెండు గంటలు నిలుస్తాది. ఆయాసానికి పీల్చిన ప్రతితూరీ వాపు మందూ లోపలికి పోతాది. ఎన్నితూర్లు పీల్చాలో డాక్టరు రాయల్ల. పీల్చినాక నోరు పుక్కిలించల్ల, లేకుంటే నాలుక మీద తెల్లపూత పడుతుంది.

చిన్నాయన: పీలుస్తానే ఉండా గదా, సగం పొగ బయటికే వస్తాది.

భారతి: ఏదీ, చూపించు... చూడు, నొక్కినాక పీలుస్తాండావు. ముందు పంపు బాగా ఊపు. ఊపిరంతా వదులు. నిదానంగా పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కు. పది లెక్కపెట్టేదాంకా ఊపిరి బిగబట్టు. అది కుదరకుంటే స్పేసర్, అంటే పంపుకు తగిలించే బుర్ర లాంటి గొట్టం, తగిలిద్దాం. సోమవారం చీటీ మార్పించుకుందాం, నేనూ వస్తా.

చిన్నాయన: సోమవారం మిషన్ మన చేనికి వస్తాది. మంగళవారం పోదాం.